మేడెక్కిన గాడిదకు జవాబు

బైండింగు కొట్టు,
మెట్ల కింద గది.
జనవరి 11.

బావగారికి,

ఇక్కడ క్షేమం. నేనూ, అట్టలు నొక్కే మరా ఇద్దరం బాగానే ఉన్నాం. మరకి కొంచెం కీళ్ళనొప్పులు. నూనె పోస్తున్నాను.

ఒక సంగతి రాయాలి. నవ్వకండి. అక్కకి చదివి వినిపించేటప్పుడు కూడా నవ్వు ఆపుకోండి.

నేనొక కథ రాశాను. పిల్లల కథ. ఇరవై నాలుగు పేజీలు వచ్చింది. ఇటుకలు మోసే గాడిద ఒకటి, కడుతున్న మేడ మూడో అంతస్తుకి ఎక్కి, ఇక దిగనంటుంది. అంతే కథ. పేరు "మేడెక్కిన గాడిద".

నలభై ఆరేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ పుస్తకాలు కుడుతున్నాను కదా. కుట్టేటప్పుడు పెద్దల పుస్తకాలు చదవను, నిద్ర వస్తుంది. పిల్లలవి మాత్రం పదహారు పేజీల ఫారం ఒక్కటీ వదలకుండా చదివేవాణ్ణి. చదివీ చదివీ చెయ్యి దురద పెట్టింది. అదీ జరిగింది.

మీ ఊళ్ళోనే ఉంది, పిల్లల పుస్తకాలు వేసే ప్రచురణ సంస్థ. వాళ్ళకి పంపాను. విడి కాగితాలు పంపమన్నారు. నాకు మనసొప్పలేదు. కుట్టి, నీలం గుడ్డ వేసి, గట్టి అట్టతో బైండు చేసి పంపాను. పుస్తకం మీద నా పేరు వేసుకోవడానికి సిగ్గేసింది. పేరూ, అడ్రసూ వేరే ఉత్తరంలో రాసి కవరులో పెట్టాను. మూడు నెలల్లో జవాబు చెబుతారట. మధ్యలో అడగవద్దని వాళ్ళ ప్రకటనలో ఉంది.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, మీరు ఏమీ చెయ్యకుండా ఉండటానికి. ఎవరో చెప్పగా తెలిస్తే మీరు ఊరుకోరు. వాళ్ళ ఆఫీసు మెట్లు ఎక్కకండి. నా పేరు ఎత్తకండి. మీరు వెళ్ళి అడిగితే వాళ్ళు మొహమాటపడి బాగుందంటారు. నా పుస్తకాలు చూసి అందరూ బాగుందనే అంటారు, అట్టని. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి. అట్ట సంగతి కాకుండా లోపలి సంగతి ఎలా ఉందో, నన్ను ఎరగనివాళ్ళ నోట ఒక్కసారి వినాలని ఉంది. బాగుందంటే సరే. బాగాలేదంటే అదీ సరే.

అక్క తల మీద ఒట్టు వేసి జవాబు రాయండి.

మీ బావమరిది

*

రైలు గేటు పక్క ఇల్లు,
ముందు వరండా.
జనవరి 19.

ఒరే బావమరిదీ,

నీ ఉత్తరం అందింది. నవ్వొద్దన్నావు కాబట్టి నవ్వలేదు. చదివి వినిపించాక మీ అక్క అడిగింది, "గాడిద మేడెక్కి దిగనంటుందా? మీ గురించి వీడికెవరు చెప్పారు?" అని. అప్పుడు మాత్రం నవ్వాను.

అయినా ఏమిట్రా నువ్వు! కథ రాస్తే ఊరంతా చెప్పుకునేవాళ్ళని చూశాను, కథ రాయకుండానే చెప్పుకునేవాళ్ళనీ చూశాను. దొంగతనం చేసినట్టు చెప్పేవాణ్ణి నిన్నే చూస్తున్నా. ఫోను చేస్తే "ఆ... ఆ..." అనడం తప్ప ఇంకో అక్షరం రాదు నీ నోట్లోంచి. నువ్వు ఇరవై నాలుగు పేజీలు మాట్లాడావంటే ఆ గాడిదకి దణ్ణం పెట్టాలి.

ముప్పై ఏళ్ళు బస్సులో కండక్టరు పని చేశాను. నలభైమంది పట్టే బండిలో తొంభైమందిని ముందుకు జరిపినవాణ్ణి. ఆ ప్రచురణ వాళ్ళని ఒక్క అంగుళం ముందుకు జరపడం నాకో లెక్కా? కాని నీ ఇష్టం. ఆ మెట్లు ఎక్కను. నీ పేరు ఎత్తను. మీ అక్క తల మీద ఒట్టు.

ఖాళీగా కూర్చోకు. చేతికి ఏదో ఒక పని పెట్టు.

బావ

తమ్ముడూ, కింద మిగిలిన జాగాలో రాస్తున్నాను. నా తల మీద ఒట్టు వేసుకోవాలంటే నన్ను అడగక్కర్లేదా? మీ బావ తల ఖాళీగానే ఉంది కదా, దాని మీద వేసుకోండి. కథ రాసినందుకు సంతోషం. వేళకి తిను. అక్క.

*

బైండింగు కొట్టు.
మార్చి 2.

బావగారికి,

పని పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాను. కొంచెం ఎక్కువైంది.

మొదట మన ఎదురు కొట్టు దర్జీ దగ్గర కొలతల చీటీలు ఉంటే తెచ్చాను. పన్నెండేళ్ళవి, సంచిలో కుక్కి పెట్టాడు. చూడలేక నేనే అడిగి తెచ్చుకున్నాను. ఊరికే కుడితే ఎలా అని వరసలో పెట్టాను. పేర్ల వరసలో పెడదామంటే సగం చీటీల మీద పేర్లు లేవు. నడుము కొలతల వరసలో పెట్టాను, సన్నవాళ్ళు ముందు, లావువాళ్ళు వెనక. మంచి లావైన పుస్తకం తయారైంది. దర్జీ సంతోషించాడు. బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు వచ్చిన ప్రతివాడూ తన చొక్కా సంగతి వదిలేసి, పుస్తకంలో తను ఎన్నో పేజీలో ఉన్నాడో చూసుకుంటున్నాడు. పాలవాడికీ, మందుల కొట్టాయనకీ చివరి పేజీ గురించి మాటలు పెరిగాయి. దర్జీ నాతో మాట్లాడటం లేదు.

తరవాత లాయరుగారి కాగితాలు. గట్టిగా కుట్టమన్నారు. కుట్టాను. కోర్టులో ఒక్క కాగితం తీసివ్వమంటే ఊడి రాలేదట. జడ్జిగారు కూడా లాగి చూశారట. వాయిదా పడింది. లాయరుగారు తిట్టారు. అవతలి లాయరు మాత్రం వచ్చి తన కాగితాలు కూడా నాకే ఇచ్చి వెళ్ళాడు.

జవాబు రాలేదు. ఇంకా నలభై రోజులు గడువుంది. నేను ఎదురు చూడటం లేదు. పోస్ట్‌మాన్‌కి మాత్రం ఎందుకో అనుమానం వచ్చింది. వీధి మొదట్లోంచే నన్ను చూసి, సైకిలు దిగకుండా తల అడ్డంగా ఊపుతున్నాడు. ఇవాళ ఎదురు వరసలోంచి వెళ్ళాడు.

అక్కకి చెప్పండి, వేళకే తింటున్నాను.

మీ బావమరిది

*

రైలు గేటు పక్క ఇల్లు.
మార్చి 20.

ఒరే,

దర్జీ సంగతి చదివి మీ అక్క మంచం మీద నుంచి లేవలేకపోయింది. నవ్వుతో కాదు, తలనొప్పితో. ఈమధ్య రోజూ తలనొప్పే. అమృతాంజనం అర సీసా అయిపోయింది. కారణం తెలియడం లేదు.

నాకొకటి తోచింది. ఊరికే, వరండాలో కూర్చుంటే తోచింది. నువ్వు ఆ ప్రచురణ వాళ్ళకి ఇంకో ఉత్తరం రాయి. చిన్నదే. పేరు, అడ్రసు పెద్ద అక్షరాలతో. మొదటి ఉత్తరం ఎక్కడైనా పోయి ఉండొచ్చు కదా? ఉత్తరాలన్నాక పోతుంటాయి. బస్సులో గొడుగులు పోయినట్టే. పోయిందని నాకు తెలుసని కాదు. నాకెలా తెలుస్తుంది? ఊరికే అంటున్నా.

అడగొద్దన్నారని బిగుసుకోకు. అడగొద్దని ప్రతివాడూ రాస్తాడు. మా బస్సులో "చిల్లర లేదు" అని రాసి ఉండేది. సంచి నిండా చిల్లరే.

నీ కథ మంచిదేరా. భయపడకు. ఆ మూడో అంతస్తు తాత తన కళ్ళజోడు తీసి గాడిదకి పెట్టి, "ఇప్పుడు చూడు, మెట్లు చిన్నవిగా లేవూ?" అంటాడే, అక్కడ ఎవరికైనా నవ్వు రాకపోతే వాడికి వైద్యం చేయించాలి.

ఉత్తరం రాయి. రేపే రాయి. పెద్ద అక్షరాలు.

బావ

*

బైండింగు కొట్టు.
మార్చి 28.

బావగారికి,

కళ్ళజోడు సంగతి నేను మీకు రాయలేదు.

మీ బావమరిది

*

రైలు గేటు పక్క ఇల్లు,
వంటగది.
ఏప్రిల్ 5.

తమ్ముడూ,

ఈసారి ఉత్తరం నేను మొదలుపెడుతున్నాను. మీ బావ బల్ల కింద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. రెండు నెలలుగా ప్రతి మంగళవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని "రైతుబజారుకి" అని వెళ్తున్నారు. ఖాళీ సంచితో వెళ్ళి ఖాళీ సంచితో వస్తున్నారు. అడిగితే "ఏవీ తాజాగా లేవు" అంటారు. నీ ఉత్తరం వచ్చాక నిలదీశాను. నా తలనొప్పి ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. ఒట్టు వేసింది ఆయన, తప్పింది ఆయన, అమృతాంజనం మాత్రం నాకు. మిగతాది ఆయన చేతే రాయిస్తాను. నేను పక్కనే ఉన్నాను.

ఒరే బావమరిదీ,

తప్పు చేశాను. సగమే చేశాను. మెట్లు ఎక్కాను, నీ పేరు మాత్రం ఎత్తలేదు. అర టికెట్టు అనుకో.

మొదటిసారి నిజంగా ఎండకి ఆగాను. కింద బకెట్ల కొట్టు, పైన వాళ్ళ ఆఫీసు. పైన ఫ్యాను కనిపించింది. ఎక్కి, బల్ల మీద కూర్చున్నాను. గుమాస్తా అడిగాడు, "ఎవరి కోసమండీ?" అని. నీ పేరు ఎత్తకూడదు కదా, "వస్తాడు" అన్నాను. రెండో మంగళవారం మళ్ళీ అడిగాడు. "ఇంకా రాలేదు" అన్నాను. మూడోసారి అతనికి జాలి వేసి టీ ఇప్పించాడు. నాలుగోసారి, "ఎలాగూ కూర్చున్నారు, ఈ పార్శిళ్ళకి తాడు కట్టండి" అన్నాడు. అప్పటినుంచి కడుతున్నాను. నా ముడి వాళ్ళకి నచ్చింది.

ఇక అసలు సంగతి. నీ పుస్తకం అక్కడే ఉంది. ఎక్కడనుకున్నావు? వచ్చినవాళ్ళు తిరగేసుకోవడానికి ఒక అలమర ఉంది, అందులో! అచ్చయిన పుస్తకాల మధ్యన. వచ్చిన పెద్దవాళ్ళతో పాటు పిల్లలు వస్తారు కదా, ముందు దాన్నే లాగుతున్నారు. నేను అక్కడే చదివాను. నాలుగుసార్లు.

"ఇది ఎవరు రాశారయ్యా?" అని అమాయకుడిలా గుమాస్తాని అడిగాను. వాడు నెత్తి కొట్టుకున్నాడు. "అదే మా ఖర్మ. దీంతో పేరు రాలేదు, ఊరు రాలేదు. కవర్లో ఒకే ఒక్క కాగితం వచ్చింది" అని తీసి చూపించాడు. ఒరే, అది పశువుల పేలమందు కాగితం! "తోకకు, చెవుల వెనక బాగా రుద్దవలెను. కళ్ళలో పడనివ్వరాదు." అంతే ఉంది దాంట్లో.

పేలమందు కంపెనీ వాళ్ళు ప్రకటన కోసం గాడిద కథ రాయించి, బైండు చేయించి పంచుతున్నారని వీళ్ళు అనుకున్నారు. సంపాదకురాలు మేడమ్ చదివింది. చదివి, ఆ కంపెనీకి ఉత్తరం రాసింది, మీ రచయిత ఎవరో చెప్పండి అని. కంపెనీ వాళ్ళు జవాబు రాశారు: మేము కథలు రాయము, మా మందు గాడిదలకు కూడా పని చేయును, నమూనా డబ్బా పంపుతున్నాము. ఆ డబ్బా గుమాస్తా బల్ల మీద ఉంది. పెన్నులు పెట్టుకుంటున్నాడు.

ఆవిడ కథ గురించి ఏమందో నేను అడగలేదు. నీ చెవిన నేరుగా పడాలన్నావుగా. నాలిక కొరుక్కుని కూర్చున్నాను. నేను నాలిక కొరుక్కోవడం అంటే ఏమిటో నీకు తెలుసు.

నువ్వు రాసిన ఉత్తరం ఏమైందిరా?

బావ

*

బైండింగు కొట్టు.
ఏప్రిల్ 12.

బావగారికి,

మీ ఉత్తరం చదివి మర కింద కాసేపు కూర్చున్నాను. అక్కడైతే వీధిలో వాళ్ళకి కనపడను.

ఏం జరిగిందో తెలిసింది. పక్క ప్రెస్సు వాళ్ళు పాడైన కాగితాలు నాకు ఇస్తారు. అట్ట లోపల, పైకాగితం కింద, పట్టు కోసం ఒక చిత్తుకాగితం అంటిస్తాం. ఆ రోజు బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి పేలమందుది. ఒకటి నా ఉత్తరం. చిత్తుకాగితం అంటించాను. ఉత్తరం కవర్లో పెట్టాను. అలా అనుకున్నాను.

నలభై ఆరేళ్ళలో అంటించినది ఏమిటో చూసుకోకపోవడం అదొక్కసారే. నా ఉత్తరం నేనే అంటించేశాను. పుస్తకం వెనక అట్ట లోపల ఉంది. మూడు నెలలుగా వాళ్ళ దగ్గరే ఉంది.

ఒట్టు తీసి గట్టున పెట్టాను. అక్క తలనొప్పి తగ్గుతుంది. కాని నా పేరు మీరు చెప్పవద్దు. ఉత్తరమే చెబుతుంది. దాన్ని తీసే పద్ధతి రాస్తున్నాను.

పాత నూలు గుడ్డ తడిపి, గట్టిగా పిండి, వెనక అట్ట లోపలి కాగితం మీద పరచాలి. అరవై అంకెలు లెక్కపెట్టాలి. తీయాలి. మళ్ళీ పరచాలి. ఇలా అయిదుసార్లు. అప్పుడు మూల దగ్గర గోటితో లేపితే పైకాగితం వస్తుంది. దాని కింద ఉత్తరం. రాసిన వైపు పైకే ఉంటుంది. బాల్‌పెన్నుతో రాశాను, తడికి చెదరదు. కత్తి పెట్టకూడదు. ఊదకూడదు. తొందరపడకూడదు.

అందుకని మీరు ముట్టుకోకండి. అక్కని తీసుకెళ్ళండి.

మీ బావమరిది

*

రైలు గేటు పక్క ఇల్లు.
ఏప్రిల్ 24.

ఒరే బావమరిదీ,

మంగళవారం మీ అక్కతో మెట్లు ఎక్కాను. గుమాస్తా లేచి నిలబడ్డాడు. "వచ్చేశారా! మీరు ఎదురు చూస్తున్నది ఈవిడ కోసమేనా? ఎక్కడున్నారమ్మా ఇన్నాళ్ళూ, పాపం పెద్దాయన ప్రతి వారమూ..." అని కళ్ళు తుడుచుకోబోయాడు. మీ అక్క, "ఒక గిన్నెలో నీళ్ళు, పాత గుడ్డా ఇవ్వు నాయనా" అంది. వాడికి ఏమీ అర్థం కాలేదు. ఇచ్చాడు.

పుస్తకం తీసి బల్ల మీద పెట్టి తడిగుడ్డ పరిచింది. గుమాస్తా కేక పెట్టాడు. ఆ కేకకి మేడమ్ లోపలి గదిలోంచి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, పొట్టి మనిషి, చెవి మీద పెన్సిలు. "ఏం చేస్తున్నారమ్మా?" అంది. "మా తమ్ముడి పేరు బయటికి తీస్తున్నాను. మధ్యలో మాట్లాడితే లెక్క తప్పుతుంది" అంది మీ అక్క. మేడమ్ నోరు మూసుకుంది. నలభై రెండేళ్ళుగా నేను మూసుకుంటున్నట్టే.

అయిదుసార్లు అరవై. బకెట్ల కొట్టతను కూడా పైకొచ్చి నిలబడ్డాడు. వాడూ లెక్కపెట్టాడు. మూల లేచింది. మీ అక్క అరటిపండు తొక్క తీసినట్టు తీసింది. కింద నీ ఉత్తరం. ఒక్క అక్షరం పోలేదు.

మేడమ్ పైకి చదివింది. మధ్యలో ఆగి మళ్ళీ చదివింది. నువ్వేం రాశావో నీకు గుర్తుందో లేదో. "అయ్యా, ఈ కథ అచ్చు వేయకపోయినా ఫరవాలేదు. చదివినవారు ఒకరు ఎలా ఉందో నిజం చెబితే చాలు. అట్ట గురించి చెప్పనక్కరలేదు." అది విని మీ అక్క గుడ్డ పిండటానికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

మేడమ్ నాతో చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నా. ఒక్క ముక్క నాది కాదు. "నన్ను ఎరగని మనిషి, ఆయన్ని నేనూ ఎరగను. నిజమే చెబుతాను. కథ బాగుంది. చాలా బాగుంది. నాలుగో పేజీ మాత్రం బాగాలేదు, అక్కడ ఆయన నీతి చెప్పారు, గాడిద చెప్పలేదు. అది తీసేస్తే వేస్తాం. పేరు కూడా వేస్తాం, వద్దన్నా వేస్తాం." రెండు రోజుల్లో నీకు తనే ఉత్తరం రాస్తుంది. పోస్ట్‌మాన్‌ని ఇక బెదిరించకు.

ఇంకో చిన్న సంగతి. సన్నపుస్తకం కదా, కుట్టు ఉండదట. మధ్యలో రెండు పిన్నులు కొడతారట. అది చెప్పడం మరిచిపోవద్దని గుమాస్తా అన్నాడు. చెప్పాను.

బావ

*

బైండింగు కొట్టు.
మే 3.

బావగారికి,

మేడమ్‌గారి ఉత్తరం వచ్చింది. పోస్ట్‌మాన్ గంట కొట్టుకుంటూ వచ్చాడు. వీధి వీధంతా బయటికి వచ్చింది. నేను లోపలికి వెళ్ళాను.

నాలుగో పేజీ తీసేశాను. ఆవిడ చెప్పింది నిజం. తీసేశాక గాడిదకి ఊపిరి ఆడింది. ఇలా చెప్పేవాళ్ళు ఒకరుంటారని తెలియక ఇన్నేళ్ళు గడిపాను.

పిన్నులకి మాత్రం ఒప్పుకోను.

బావగారూ, పిన్ను అంటే ఏమిటో మీకు తెలియదు. నేను చెబుతాను. మొదటి నెల బాగానే ఉంటుంది. వానాకాలం రాగానే తుప్పు పడుతుంది. తుప్పు కాగితాన్ని తింటుంది. మధ్య పేజీలు ముందు ఊడతాయి. నా కథలో మధ్య పేజీల్లోనే అగ్నిమాపక దళం వస్తుంది. అవి పోతే గాడిద ఊరికే మేడ ఎక్కి ఊరికే దిగుతుంది. దానికి కథ ఎందుకు? వీధిలోకి వెళ్ళి చూస్తే సరిపోతుంది. తరవాత అట్ట ఊడుతుంది. ఆరు నెలల్లో పుస్తకం పొట్లాల కొట్టుకి వెళ్తుంది.

నేను కుట్టిన పుస్తకాలు నలభై ఏళ్ళవి ఉన్నాయి. ఒక్క ఫారం కదల్లేదు. ఊళ్ళో వాళ్ళ పుస్తకాలన్నీ దారంతో కుట్టి, నా ఒక్క పుస్తకానికీ పిన్నులా? దర్జీ కొలతల పుస్తకానికి ఉన్న మర్యాద నా గాడిదకి లేదా?

ఎన్ని కాపీలు వేస్తారో కనుక్కోండి. అన్నీ ఇక్కడికి పంపమనండి. నేను కుడతాను. నాకు వేరే పని లేదు.

ఇది నేను రాసిన ఉత్తరాల్లో పెద్దది. మన్నించండి.

మీ బావమరిది

*

రైలు గేటు పక్క ఇల్లు.
మే 12.

ఒరే,

కనుక్కున్నాను. మూడు వేల కాపీలు. రోజుకి రెండు కుట్టినా, నీకు డెబ్బై ఏళ్ళు వచ్చేసరికి నీ పుస్తకం సగం పిల్లలకి చేరదు. చేరేసరికి ఆ పిల్లలకి మీసాలొస్తాయి. ఆడపిల్లలైతే అత్తలవుతారు.

గుమాస్తాకి నీ ఉత్తరం చదివి వినిపించాను. తుప్పు దగ్గర వాడి మొహం పాలిపోయింది. "మేం వేసినవన్నీ పిన్నులేనండీ" అన్నాడు. మేడమ్ మాత్రం కోప్పడలేదు. "ఆయన చెప్పింది నిజమే. కాని కుడితే కొనేవాళ్ళు తగ్గుతారు. ఆయన్నే తేల్చమనండి" అంది. నేను ముప్పై ఏళ్ళలో ఎంతోమందిని ముందుకు జరిపాను గాని, నిన్ను జరపడం మీ అక్క వల్లే అవుతుంది. మీ అక్కకి కలం ఇచ్చాను.

బావ

తమ్ముడూ, నువ్వు కుట్టిన పుస్తకాలు నేనూ చూశాను. లాయర్ల ఇళ్ళల్లో, పెద్దవాళ్ళ బీరువాల్లో నలభై ఏళ్ళుగా గట్టిగా ఉన్నాయి. ఎందుకుండవు? ఎవరు తెరిచారు గనక? నీ నీలం అట్ట పుస్తకం మొన్న నా చేతిలో ఉంది కదా. నువ్వు అంత గట్టిగా చేశావు, అయినా నాలుగు నెలల్లో మూలలు మెత్తబడ్డాయి. నాలుగో పేజీ మీద ఎవరిదో చాక్లెట్టు వేలు ఉంది. నువ్వు బాధపడతావని మీ బావ రాయలేదు. నేను రాస్తున్నాను. ఆలోచించుకో. అక్క.

*

బైండింగు కొట్టు.
మే 19.

అక్కకి,

మూడు రోజులు ఆలోచించాను.

సరే. పిన్నులే కొట్టమను. తుప్పు పట్టని రకం ఒకటి ఉంది, దాని పేరు వెనక రాశాను. గుమాస్తాకి ఇవ్వు.

తమ్ముడు

*

బైండింగు కొట్టు.
డిసెంబరు 8.

బావగారికి, అక్కకి,

పుస్తకం వచ్చి మూడు నెలలైంది. మీరు పంపినవి పది కాపీలు నా మర పక్కన ఉన్నాయి. ఇక్కడ ఎవరికీ చూపించలేదు. ఎలా చూపించాలో తెలియలేదు. "ఇదిగో నేను రాశాను" అని మనిషి ముందు నిలబడి ఎలా అంటారు? మీరైతే అనగలరు. నేను అద్దం ముందు అని చూశాను. అద్దంలో వాడు తల దించుకున్నాడు.

నిన్న సాయంత్రం ఒక పిల్ల వచ్చింది. ఎనిమిదేళ్ళుంటాయి. వెనక వీధిలో ఉంటారట. సంచిలోంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. అట్ట వేరే, లోపల వేరే. మధ్య పేజీలు చేతిలో విడిగా పట్టుకుంది. నేను చెప్పినట్టే ఊడాయి. మూడు నెలలే పట్టింది, ఆరు కాదు. పిన్నులు తుప్పు పట్టలేదు. కాగితమే చిరిగింది.

"బైండింగు తాతా, ఇది కుట్టిపెట్టాలి. గట్టిగా కుట్టాలి. ఇంకా మా తమ్ముడు చదవాలి, వాడు పేజీలు లాగుతాడు" అంది.

చూశాను. మేడెక్కిన గాడిద.

సూదిలో దారం ఎక్కించబోయాను, నాలుగుసార్లు తప్పింది. ఆ పిల్ల చూస్తూ నిలబడింది. "నేను ఎక్కించనా?" అంది. ఎక్కించింది.

మొదటి కుట్టు వేశాను. రెండో కుట్టు వేశాను. అప్పుడు నోట్లోంచి మాట వచ్చింది. ఎలా వచ్చిందో తెలియదు. "ఇది నేనే రాశాను" అన్నాను.

ఆ పిల్ల నన్ను చూసింది. నా చేతుల జిగురు చూసింది. గదంతా చూసింది. "కాదు" అంది.

"అవును, నేనే" అన్నాను.

"ఇక్కడ వేరే పేరు ఉంది కదా" అని అట్ట మీద చూపించింది. "అది నా పేరే" అన్నాను. "మీ పేరు బైండింగు తాత కదా!" అంది. బావగారూ, ఈ వీధిలో నా పేరు ఎవరికీ తెలియదని అప్పుడు తెలిసింది. కరెంటు బిల్లు తీసి చూపించాను. చూసింది. "బిల్లు మీద ఇంటి ఓనరు పేరు ఉంటుంది. మా ఇంట్లో కూడా అంతే" అంది. లాయరుగారిని పిలుద్దామనుకున్నాను. ఆయన ఇంకా కోపంగానే ఉన్నారు.

బిల్లు నాకు తిరిగి ఇచ్చి తనే అంది. "సరే, మీరే రాస్తే చెప్పండి. అందరూ పడుకున్నాక గాడిద దానంతట అది దిగి, గేటు తోసుకుని బయటికి వెళ్ళింది కదా. తరవాత ఎక్కడికి వెళ్ళింది?"

"అక్కడితో కథ అయిపోయింది కదమ్మా" అన్నాను.

"పుస్తకం అయిపోయింది. గాడిద ఎక్కడికి వెళ్ళిందీ అని అడుగుతున్నా. రాసినవాళ్ళకి తెలుస్తుంది."

నాకు తెలియదు. నిజంగా తెలియదు. నేను గేటు దాకానే వెళ్ళాను.

"చూశారా" అంది. నవ్వింది. వెక్కిరింత కాదు, పాపం అన్నట్టు నవ్వింది. సంచి భుజాన వేసుకుంది. నేను గబగబా అన్నాను, జిగురు ఆరడానికి ఒక రోజు పడుతుంది, రేపు రా, పుస్తకమూ ఇస్తాను, గాడిద సంగతీ చెబుతాను అని. నేను అంత గట్టిగా మాట్లాడటం నేనే ఎప్పుడూ వినలేదు. దర్జీ తల బయటికి పెట్టి చూశాడు.

"బడి వదలగానే వస్తా. చెప్పకపోతే మీరు రాయనట్టే" అంది.

ఇప్పుడు పొద్దున్న ఏడైంది. బడి నాలుగింటికి వదులుతారు. నాలుగు కాగితాలు రాశాను, నాలుగూ చింపాను. ఒకదాంట్లో నది దగ్గరికి పంపాను. నచ్చలేదు. ఒకదాంట్లో ఇంటికి పంపాను. ఆ పిల్ల ఊరుకోదు.

మిగతా క్షేమం తరవాత రాస్తాను. గాడిద ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉంది.

మీ బావమరిది, నీ తమ్ముడు